గల్లీ లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభదినమున ఏదేని యొక కావ్యమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మృచ్ఛకటికమును గూర్చి చెప్పెదనని నేనును ఒప్పుకొంటిని. ఆ మాట తప్పను గాని, దానిని కొంత చుట్టుదారిన తీసికొనివచ్చెదను. కారణము వినుడు.

గడచిన మాసమున ఈ గ్రంథాలయపు అరుగుమీద కూర్చుండి పత్రిక చదువుచుండగా ఒక సంభాషణ నా చెవిని బడినది. ఇచ్చటి పుస్తకములు చదివి పైకి వచ్చిన మన ఊరి పిల్ల యొకతెకు హైదరాబాదు పాతబస్తీలోని కళాశాలలో సీటు వచ్చినది. తండ్రి పంపనన్నాడు. "పట్నమైతే సరే గని, పాతబస్తీకి ఆడపిల్లను తోలుతరా? దినాం పేపర్ల సూస్తలేమా?" అన్నాడు. అచ్చటనున్న నలుగురును తలయూపిరి. నేను నోరు విప్పలేదు. విప్పకపోవుటకు కారణము కలదు. అదియే నేటి నా ప్రసంగము.

నేను లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. మా తాతగారు పట్వారీ. 1984లో ఆ ఉద్యోగములు రద్దయిన పిమ్మట మా ఇంట మిగిలినది కలమును, గీతలు గీసిన దస్తరములును మాత్రమే. సహకార సంఘమున జమాఖర్చులు వ్రాయుచు, రాత్రులయందు టీకాతాత్పర్యముల సాయమున కావ్యములు చదువుకొంటిని. గురుముఖమున చదివినవాడను కాను. తప్పులున్నచో పెద్దలు మన్నింతురు గాక.

ముందుగా పత్రికలలోని అంకెలను చూతము. నేరములను లక్ష జనాభాకు ఇన్ని యని చెప్పుట నేటి ఆచారము. జాతీయ నేర నమోదు సంస్థవారి లెక్క ప్రకారము 2022లో మన దేశమున 28,522 హత్యకేసులు నమోదైనవి. అనగా లక్షకు 2.1. దేశమునకు ఇది తగిన కొలత. ఇదే కొలతను ఒక గల్లీకి పెట్టినచో ఏమగునో చూడుడు. మా చెల్లెలు 1990లో కాపురమునకు పోయిన గల్లీ చార్మినారునకు దక్షిణమున, శాలిబండ దాపున నున్నది. నేను ఇంటింటికి తిరిగి లెక్కించితిని. 96 గడపలు, సుమారు 800 మంది జనము. ఆ గల్లీలో ఏ సంవత్సరమున నైనను ఒక్క హత్య జరిగినదనుకొనుడు. లక్షకు 125 అగును. దేశపు సగటునకు దాదాపు 60 రెట్లు! మఱుసటి యేడు ఏమియు జరుగలేదు, సున్న. అప్పుడది భూలోకమున మిక్కిలి భద్రమైన స్థలము. ఆ రెండేండ్లయందును గల్లీ అదియే, మనుష్యులు వారే. దొంగతనములు రెండున్నవి మూడైనచో "ఏబదిశాతము పెరిగిన నేరములు" అని వ్రాయవచ్చును. అబద్ధము కాదు. కాని చిన్న హారముతో భాగించిన అంకె పెద్దగా కేకవేయునని లెక్క తెలిసిన ప్రతివానికిని తెలియును.

అట్లని పాతబస్తీని గూర్చిన భయమంతయు అంకెల గారడి యని నేననను. ఆ భయమునకు తేదీలున్నవి. 1990 డిసెంబరున జరిగిన మతకలహములలో వందమందికి పైగా చనిపోయిరి; ఆ నెలలోనే ముఖ్యమంత్రి మారెను. 2007 మే 18న మక్కామసీదులో బాంబు పేలెను. ఇట్టి దినములను తలచుకొని ఒక తండ్రి వెనుదీసినచో అతనిని నవ్వరాదు. అయితే కలహము వేఱు, కన్నము వేఱు. మొదటిది ఎక్కడనో రాజుకొని గల్లీలోనికి వచ్చును. రెండవది గల్లీలోని నిద్రను కనిపెట్టి వచ్చును. ఈ రెంటిని ఒకే ఖాతాలో వ్రాయుట మన మొదటి తప్పు.

1990 డిసెంబరున మా చెల్లెలు కొత్తకోడలు. కర్ఫ్యూ పెట్టిన దినములలో పాలు లేవు. వెనుక గోడకు ఆవలి యింటి ముస్లిం స్త్రీ, గల్లీ అంతయు ఖాలా యని పిలుచునామె, తమ మేకపాలను చెంబులో పోసి గోడమీదుగా అందించినదట. చెల్లెలి అత్తవారు జొన్నపిండి అందించిరట. ఇది నేను చూచినది కాదు. చెల్లెలు నూరుసార్లు చెప్పగా విన్నది. తరువాత చెప్పబోవు దానికి ఇది కావలెను గనుక జ్ఞాపకముంచుకొనుడు.

హైదరాబాదు కట్టినది 1591లో. తరువాతి కాలమున నగరము చుట్టును రాతిగోడ లేచినది. దానికి పెద్ద దర్వాజలును, చిన్న కిటికీలును ఉండెడివి. రాత్రి కాగానే మూసెడివారు. 1908 సెప్టెంబరున మూసీ వఱద ఆ గోడను పలుచోట్ల దెబ్బతీసినది. మిగిలిన దానిని నగరమే తినివేసినది. నేడు నిలిచియున్నవి పురానాపూల్ దర్వాజ, దబీర్‌పుర దర్వాజ, ఈ రెండే. గోడ పోయిన పిదప నగరమునకు కావలి యేమి? కొత్వాలు. 1920 మొదలు 1934 వఱకు ఆ పదవియందుండిన రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారు వనపర్తి సీమలోని పల్లెనుండి వచ్చినవారు. వారి జీవితచరిత్రను సురవరం ప్రతాపరెడ్డిగారు వ్రాసిరి, దొరికినచో చదువుడు. ఒక పల్లెటూరివాడు పదునాలుగేండ్లు కాపాడిన నగరమునకు నేడు పల్లెటూరివారు పిల్లను పంపుటకు జంకుచున్నారు!

గోడయు కొత్వాలును గాక గల్లీకి మూడవ కావలి యొకటి కలదు. అది అరుగు. పాతబస్తీలో చబూత్ర యందురు. మొగలాయి నగరములందు కొత్వాలు కూర్చుండు స్థలమునకే చబూత్ర యని పేరుండెను. మా చెల్లెలి గల్లీలో రాత్రి పదకొండు గంటలకును ముసలివారు అరుగులమీద కూర్చుండి చాయ త్రాగుచుందురు. రంజాను మాసమున పత్తర్‌గట్టీలో, లాడ్‌బజారులో స్త్రీలు నడిరేయి దాటువఱకు బేరములాడుచుందురు. మన ఊరిలో రాత్రి తొమ్మిదింటికి బస్సు దిగిన ఆడుది ఒంటరిగా చెఱువుకట్ట దాటవలెను. ఎచ్చట భయము ఎక్కువ? నన్నడిగినచో చెఱువుకట్టమీదనే.

2015 ప్రాంతమున దక్షిణమండల పోలీసువారు మిషన్ చబూత్ర యను కార్యక్రమము నడిపిరి. అర్ధరాత్రి దాటిన పిమ్మట వీధులలో గుంపులుగా కూర్చున్న యువకులను పిలిచి, తల్లిదండ్రుల యెదుట హితవు చెప్పి పంపెడివారు. కొందఱు మెచ్చిరి, కొందఱు మా అరుగుమీద మేము కూర్చుండరాదా యనిరి. చెల్లెలిని అడిగితిని. "పోరగాండ్లను లేపుడు మంచిదే అన్నా, ముసలోళ్ళను లేపకుంటె సాలు" అన్నది. ఇంతకంటె చక్కని తీర్పు నాకు తోచదు.

ఇప్పుడు మృచ్ఛకటికమునకు వచ్చుచున్నాను. శర్విలకుడు చారుదత్తుని యింటికి కన్నము వేయు ఘట్టమును మీలో ననేకు లెఱుగుదురు. కొలత్రాడు మఱచివచ్చి జందెముతో గోడను కొలుచును. కన్నమునకు ఏ యాకారము శోభించునని యోచించును. వసంతసేన దాచిన సొమ్ములను ఎత్తుకొని పోవును. ఈ చోరకళను చూచి అందఱును నవ్వుదురు. ఆ తరువాతి భాగమును చదువునప్పుడు నాకు నవ్వు రాదు. తెల్లవాఱిన పిమ్మట చారుదత్తుడు ఏమి చేయును? దండనాథుని యొద్దకు పోడు. దొంగతనము జరిగినదన్నచో లోకము నమ్మదని, పేదవాడు తానే దిగమింగినాడందురని వెఱచి, సొమ్ములను జూదమున పోగొట్టితినని వసంతసేనకు చెప్పించును. వానికి బదులుగా ఇల్లాలు ధూత తన రత్నహారమును ఇచ్చును. ఒక కన్నము అట్లు లెక్కలోనుండి మాయమైనది. ఉజ్జయిని నేరముల పట్టికలో అది లేదు.

2016 వైశాఖమున మా మేనకోడలి పెండ్లికి బట్టలు కొనుటకై నేనా గల్లీకి పోయియుంటిని. ఉక్కకు తాళలేక అందఱము మిద్దెమీద పడుకొంటిమి. వెనుక సందువైపు వంటింటి కిటికీ చువ్వలను తడిగుడ్డతో చుట్టి, కఱ్ఱతో మెలిపెట్టి వంచి, ఎవడో లోనికి వచ్చినాడు. పెండ్లికొఱకు చేయించిన నాలుగు తులముల గొలుసును, 18,000 రూపాయలును పోయినవి. ఠాణాకు పోవుదమని లేచితిని. చెల్లెలు చేయిపట్టుకొన్నది. "వద్దు అన్నా. పోలీసోళ్ళు ఇంటికొస్తే పెండ్లోళ్ళ చెవుల పడ్తది. ఇల్లు మంచిది కాదంటరు. నెల దినాలల్ల లగ్గం." నేను కూర్చుంటిని. మా ఇంటివారు తన మెడలోని గొలుసు తీసి ఇచ్చినది. ధూతాదేవి కథ ఆమెకు తెలియదు. పెండ్లి ఖర్చుల పుస్తకము నా చేతనే యుండెను. పోయిన 18,000 రూపాయలను "ఇతరములు" అని వ్రాసితిని. ముప్పదియేండ్ల నా వ్రాతలో తెలిసి వ్రాసిన దొంగపద్దు అది యొక్కటే.

పందొమ్మిది దినములు గడచినవి. అదే సందునుండి, అదే రీతిగా చువ్వలు వంచి, ఎవడో ఖాలా యింట చొచ్చినాడు. ఆమె జరీ మగ్గపు పని చేసి ఆరేండ్లుగా చిన్నకూతురి నికాకొఱకు ఱేకుపెట్టెలో కూడబెట్టిన 62,000 రూపాయలు పోయినవి. ఆమె ఆ గంటయందే ఠాణాకు పోయి వ్రాయించినది. పంచనామాకు వచ్చిన జమేదారు ఇరుగుపొరుగులను అడిగినాడట: ఇంతకు ముందు ఈ సందులో ఇట్లు జరిగినదా యని. చెల్లెలి భర్త నేలచూపులు చూచి, లేదన్నాడట.

రెండు నెలలకు దొంగ వేఱొకచోట పట్టుబడి, మా కన్నమును గూడ ఒప్పుకొనినాడు. ఠాణావారు వచ్చి మమ్ములను అడిగిరి. గొలుసు రసీదు నాయొద్ద నుండుటచే నేను పోయి చెల్లెలిచేత ఆలస్యముగా ఫిర్యాదు వ్రాయించితిని. గొలుసు అప్పటికే కరగిపోయినది. ఖాలా సొమ్ములో 11,000 దొరికినవి. ఆ సాయంత్రము ఆమె తన గడపలో నిలుచుండెను. తప్పించుకొని పోవుటకు వేఱు దారి లేదు. "భాయ్, ముందుగాల చెప్పి ఉంటే పెట్టెను మా చెల్లె ఇంట్ల పెట్టుకుందును గద," అన్నది. అంతే. కోపము లేదు. మఱుసటి యేటి రంజానునకు ఎప్పటివలెనే షీర్‌ఖుర్మా పంపినది. నాకు గొంతు దిగలేదు.

ఆ అరుగుమీద నేను నోరు విప్పకపోవుటకు కారణమిదియే. పాతబస్తీ భద్రమా కాదా యని చెప్పుటకు లెక్క కావలెను. ఆ లెక్కను పాడుచేసినవారిలో నేనొకడను.

ఫిర్యాదు చేయుటకు వెఱపు కొత్తది కాదు. శాకుంతలమున చేపకడుపులో ఉంగరము దొరికిన జాలరి నిజము చెప్పినను సూచకుడు, జానుకుడు అను రక్షకభటులు వానిని కొట్టుదురు. రాజు బహుమతి ఇచ్చిన పిమ్మట వారే వానితో కలిసి కల్లంగడికి పోవుదురు! కాళిదాసునకు ఠాణా సంగతి బాగుగా తెలియును. కాని నేటి చట్టము మన పక్షమున కొంత నిలిచియున్నది. కేసు పెట్టదగిన నేరమును గూర్చి సమాచారమిచ్చినచో ప్రథమ సమాచార నివేదికను వ్రాసికొని తీరవలెనని 2013 నవంబరు 12న సుప్రీముకోర్టు లలితాకుమారి కేసులో తీర్పు చెప్పినది. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము నేరము ఏ ఠాణా హద్దులో జరిగినను మఱియొక ఠాణాలో చెప్పవచ్చును. ఎలక్ట్రానిక్ మార్గమున పంపి మూడు దినములలో సంతకము చేయవచ్చును. నివేదిక నకలును ఉచితముగా ఈయవలెను. ఆ నకలు తప్పక తీసికొనుడు; రసీదు లేని జమ జమ కాదు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. అందఱును ధైర్యము తెచ్చికొని ఫిర్యాదు చేసినచో ఆ యేటి అంకె పెరుగును. పత్రిక చదువువాడు నేరములు పెరిగినవనుకొనును. పెరిగినది నమ్మకమేమో! మౌనముగానున్న గల్లీ అంకెలలో భద్రముగా కనబడును. 2016లో మా వలన మా గల్లీ పందొమ్మిది దినములు అట్లు భద్రముగా కనబడినది.

ఇంకొక సంగతి. 2018 సెప్టెంబరున పురానీహవేలిలోని నిజాం మ్యూజియమునుండి వెలుతురుకంత గుండా దిగి, రత్నములు తాపిన బంగారు టిఫిను డబ్బాను దొంగలు ఎత్తుకొనిపోయిరి. పోలీసువారు వారిని వెదకి పట్టి, ఆ నెలలోనే సొత్తును తెచ్చిరి. మెచ్చుకొనవలసిన పని. నేరముల లెక్కలో నిజాముగారి బంగారు డబ్బా ఒకటి, ఖాలా ఱేకుపెట్టె ఒకటి, రెండును సమానమే. విలువల పట్టిక చూచినచో ఖాలా పెట్టె కనబడదు. ఆమె ఆరేండ్ల కన్నుల వెలుగును వ్రాయుటకు ఏ పట్టికలోను గడి లేదు.

ధర్మశాస్త్రములవారు దీనిని కొంత ఆలోచించిరి. దొంగ అడుగుజాడ ఊరి హద్దు దాటి పోయినట్లు చూపలేనిచో నష్టమును ఆ ఊరే పూడ్చవలెనని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. దానికి మితాక్షర వ్రాసిన విజ్ఞానేశ్వరుడు మనకు దూరపువాడు కాడు. ఒకప్పటి హైదరాబాదు రాష్ట్రములో చేరిన కల్యాణినగరమువాడు. ఆ మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు చేసిన కేతనయే దశకుమారచరిత్రమున గొప్ప దొంగయైన అపహారవర్ముని కథను గూడ తెనుగున చెప్పెను. చట్టమును, దొంగను ఒకే కలము వ్రాసినది.

అర్థశాస్త్రమున గోపుడను అధికారి కలడు. పల్లెలలో ఐదో పదియో గ్రామముల లెక్కలు వ్రాయువాడు గోపుడు. నగరమున పదియో, ఇరువదియో, నలువదియో కుటుంబముల జాబితా వ్రాయువాడును గోపుడే. ఇది చదివిననాడు పాతబస్తీ గల్లీకిని నాకును చుట్టఱికము దొరకినట్లు సంతోషించితిని. అయితే కౌటిల్యుని గోపుడు రాజుకొఱకు వ్రాయును. ఎవని రాబడి యెంత, ఎవని యింటికి కొత్తవాడెవడు వచ్చినాడు, ఏ వైద్యుడు రహస్యముగా గాయమునకు కట్టుకట్టినాడు, ఇవన్నియు పైకి తెలియవలెను. నేటి యంత్రనేత్రములును ఆ వంశమువే. నూరుమంది కూడు చోటులందు కెమెరాలు పెట్టవలెనని 2013లో చట్టము వచ్చినది. గల్లీలవారు చందాలు వేసికొనియు పెట్టుకొనిరి. దొంగలను పట్టుటకు అవి ఉపకరించుచున్నవి, సందేహము లేదు. కాని దారిన పోవువాని ముఖమును పటము తీయుట న్యాయమా యను ప్రశ్నయు పాతబస్తీనుండియే లేచి 2022లో ఉన్నతన్యాయస్థానమునకు చేరినది. కెమెరా గతమును చూపును. "నిన్న మా యింట కన్నము పడినది, నీ పెట్టె జాగ్రత్త" అని ఖాలాకు చెప్పదు. అది చెప్పవలసినవారము మేము.

2017 ఉగాదికి నేను నూరు పుటల పుస్తకమొకటి కుట్టించి, గీతలు గీసి ఆ గల్లీకి తీసికొనిపోయితిని. గడులు ఐదు: తేది, ఇంటి నంబరు, ఏమి జరిగినది, ఠాణాలో చెప్పిరా లేదా, నివేదిక సంఖ్య. మొదటి పద్దు నా చేతనే వ్రాసితిని. అది 2016 వైశాఖమునాటి మాది. రెండవది ఖాలాది. వ్రాయుట ఖాలా చిన్నకూతురికి అప్పగించిరి. ఆమె ఉర్దూలోను తెలుగులోను వ్రాయగలదు. సొమ్ము పోయినవాడు చెప్పుకొనుటకు సిగ్గుపడినచో ఇంటి నంబరు వ్రాయకుండ జరిగిన తీరు మాత్రము వ్రాయవలెనని నియమము పెట్టుకొంటిమి. ఏ పద్దు పడినను ఆ రాత్రికి 96 గడపలకును తెలియవలెను.

పేరులును ఇంటి నంబరులును విడిచి ఆ పుస్తకమునకు ఒక ప్రతి వ్రాసి వెంట తెచ్చితిని. రెండు సైకిళ్ళు, ఒక గ్యాసుబండ, సెల్‌ఫోనులు, బోనాలనాటి రద్దీలో తెగిన పుస్తెలతాడు, మద్యము మత్తులో అన్నదమ్ములు చాకుతో పొడుచుకొన్న ఒక కొట్లాట, కళాశాలకు పోవు పిల్లను వెంబడించిన ఒక ఆకతాయి సంగతి, అన్నియు అందున్నవి. ఆ చివరిదానిని షీ టీమువారికి తెలిపినట్లు నాలుగవ గడిలో వ్రాసియున్నది. దేనిని దాచలేదు. సభ ముగిసిన పిమ్మట ఈ ప్రతిని మన గ్రంథాలయపు బల్లమీద ఉంచెదను. ఆ పిల్ల తండ్రి వచ్చి చూచుకొనవచ్చును; చదువుట రానిచో ఆ పిల్లయే చదివి వినిపించును.